తిప్పకుప్పం కొఠారులో మా సుభద్ర

మా సుభద్రకు సముద్రం అంటే ఏమిటో చెప్పడానికి నేను ఎన్ని మాటలు ఖర్చుపెట్టానో లెక్కలేదు. తెలుగు పండితుణ్ణి కాబట్టి నా దగ్గర మాటలకు కొదవ లేదు. నరసరావుపేటలో మా పెంకుటింటి అరుగు మీద దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, సముద్రం నీలంగా ఉంటుందనీ, ఆకాశం అంచు దాకా పరుచుకుని ఉంటుందనీ, అలలు వెండి జరీ చీరలాగా మడతలు పడుతూ వస్తాయనీ చెప్పేవాణ్ణి. అది అంతా ఓపికగా విని, "నీలం ఎట్లా ఉంటుందో మరిచిపోయాను నాన్నా. ఎరుపు మాత్రం కొంచెం గుర్తుంది" అనేది.

నాలుగో ఏట దానికి అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది కానీ చూపు పోయింది. ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మా వీధి చివరి బడిలో చేర్చబోతే, పలక కనపడని పిల్లను మేమేం చేసుకోమంటారని అడిగారు. తప్పుగా అడగలేదు. వాళ్ళకూ దారి తెలియదు, నాకూ తెలియదు. అందుకని ఇంట్లోనే పద్యాలు నేర్పాను. ఒకసారి వింటే పట్టేస్తుంది. కానీ పద్యం అప్పజెప్పాక మొహంలో వెలుగు కనపడేది కాదు. ఒకరోజు, "అన్నీ మాటలే కదా నాన్నా" అంది. ఫిర్యాదుగా కాదు, మామూలుగానే అంది.

రెండేళ్ళ కిందట కళ్ళ డాక్టరుకు చూపించడానికి ఒక పెద్ద ఊరు వెళ్ళాం. ఇక లాభం లేదని ఆయన తేల్చి చెప్పాడు. తిరుగు రైలుకు టైముంటే అక్కడి ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళాను. వాకిట్లో ఉన్న రాతి ఏనుగు మీద సుభద్ర చెయ్యి వేయగానే కాపలా మనిషి వచ్చి, మెల్లిగా ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు. కసరలేదు. గోడ మీది బోర్డు నాకు చూపించాడు, అంతే. 'తాకరాదు' అని రాసి ఉంది. సుభద్ర నా వేలు పట్టుకుని, "మరి మనం ఎందుకు వచ్చాం నాన్నా?" అని అడిగింది.

మా స్కూలు డ్రాయింగు మాస్టారిది నెల్లూరు జిల్లా. ఈ సంగతి విని ఆయన చెప్పాడు: చిట్టమూరు అవతల సరస్సు ఒడ్డున తిప్పకుప్పం అనే చిన్న ఊరుంది, అక్కడొక ముసలావిడ పాత ఉప్పు కొఠారును పిల్లల కోసం వస్తువుల ఇల్లుగా మార్చింది, దాని గోడ మీద పెద్ద అక్షరాలతో 'ముట్టుకోండి' అని రాసి ఉంటుంది అని. ఉప్పు నిలవచేసే గోడౌనును వాళ్ళవైపు కొఠారు అంటారట.

మా ఆవిడ రత్తమ్మ ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. నీళ్ళ ఒడ్డు ఊరికి చూపులేని పిల్లను తీసుకువెళ్ళడం ఏమిటని ఆవిడ భయం. చివరికి శివరాత్రి వెళ్ళాక, జంతికలు మూటగట్టి ఇచ్చి, పిల్ల ఒంటి మీద గీత పడకుండా తీసుకురమ్మని మాట తీసుకుని సాగనంపింది.

గూడూరు

గూడూరులో రైలు దిగగానే సుభద్ర నిలబడిపోయి గాలి పీల్చింది. ప్లాట్‌ఫారం మీద నిమ్మకాయల గంపలు వరసగా ఉన్నాయి. "ఊరంతా చారు కాస్తున్నారా నాన్నా?" అంది. పక్కనే గంప దగ్గర కూర్చున్న మనిషి నవ్వి దాని చేతిలో ఒక కాయ పెట్టాడు. నయాపైసలు వచ్చి ఇన్నేళ్ళయినా ఆయన లెక్క అణాల్లోనే ఉంది. అణాకు దోసెడు కాయలు. మావైపు ఆ డబ్బుకు రెండు కాయలు ఇస్తే గొప్ప.

నాయుడుపేట బండికి చాలాసేపు ఆగాల్సి వచ్చింది. మా బెంచీ మీదకి ఒకామె వచ్చి కూర్చుంది. ఆమె చేతులూ, చీర కుచ్చెళ్ళూ ఎండలో తళతళ మెరుస్తున్నాయి. అభ్రకం షెడ్డులో పనట. రోజంతా కత్తితో అభ్రకం పలకల్ని పొరలుగా చీలుస్తుందట. ఆ మెరుపును ఎట్లా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటూంటే ఆమె కొంగుముడి విప్పి, అరచేయంత పెచ్చు ఒకటి సుభద్రకు ఇచ్చింది.

"గోరుతో అంచు పట్టుకో పాపా. పొర వస్తాది" అంది.

సుభద్ర గోరు పెట్టింది. సన్నటి పొర ఒకటి లేచి వచ్చింది. ఇంకొకటి లాగింది. "ఇంకా ఉంది నాన్నా, ఇంకా ఉంది" అంటూ బండి వచ్చేదాకా లాగుతూనే ఉంది. ఒడినిండా పొరలు. పొర తీసిన కొద్దీ కింద ఇంకొక పొర ఉండడం దానికి ఎంత సంతోషమైందో. ఆమె పేరు అడగడం మరిచిపోయాను. బండి కదిలాక గుర్తొచ్చింది.

నాయుడుపేట

నాయుడుపేట బస్టాండు పక్క హోటల్లో పులిబొంగరాలు తిన్నాం. పులిసిన పిండిని గుండ్రంగా వేయించినవి. పైన కరకర, లోపల మెత్తన. మా గుంటూరువైపు తిండిలో ముందు కారం నాలుకను పట్టుకుంటుంది, ఇక్కడ ముందు పులుపు పలకరిస్తుంది. కాఫీ మాత్రం మా ఊళ్ళో దొరకనంత చిక్కన. మద్రాసు గాలి ఇక్కడిదాకా వచ్చిందని ఆ కాఫీయే చెబుతుంది. పక్క బల్లమీది వాళ్ళు తెలుగులో మొదలుపెట్టి అరవంలోకి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వచ్చేవాళ్ళు, గుమ్మం దాటినంత సులువుగా.

బస్సులో ఒక పెద్దామె సుభద్ర మొహం మీది మచ్చలనూ కళ్ళనూ చూసి, నాతో చాలాసేపు జాలిపడింది. బిడ్డ ఎంత లక్షణంగా ఉండేదో పాపం, దీని బతుకు ఎట్లా తెల్లవారుతుందో పాపం అని. మా సుభద్ర తల అటు తిప్పి, "నాకు వినపడుతుంది మామ్మగారూ" అంది. ఆమె గతుక్కుమని, తన గంపలోంచి ఒక తేగ తీసి దాని చేతిలో పెట్టింది. తర్వాత దిగేదాకా నన్ను వదిలేసి దానితోనే మాట్లాడింది.

చిట్టమూరులో దిగాక చూసుకుంటే నా గొడుగు లేదు. బస్సు అప్పటికే కదిలింది. నేను చెయ్యి ఊపుతూ నాలుగడుగులు పరుగెత్తాను. కండక్టరు కిటికీలోంచి గొడుగును బయటికి విసిరాడు. అది సూటిగా పోయి బర్రెల గుంటలో పడింది. మిగిలిన ప్రయాణమంతా బురదగొడుగే నాకు తోడు.

చిట్టమూరు నుంచి కాలవ గట్టు మీద

అక్కడి నుంచి బస్సు లేదు. పెంచలరెడ్డి అనే రైతు వడ్లు దింపి ఖాళీ బండితో తిరిగి వెళుతూ మమ్మల్ని ఎక్కించుకున్నాడు. అరవై దాటిన మనిషి. దారికి రెండుపక్కలా మొలగొలుకుల కోతలు జరుగుతున్నాయి. మా పల్నాడులో కనుచూపుమేరా జొన్నా మిరపా చూసిన కళ్ళకు ఆ వరిచేల పసుపు చాలా చల్లగా తోచింది. ఆయన ఒక వెన్ను తుంచి సుభద్రకు ఇచ్చాడు. అది గింజ గింజనూ తడిమి, ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది.

కొఠారుకు పోతున్నామంటే ఆయన మొహం మారింది. మొదట్లో ఆ కొఠారుకు తమ ఊరి పిల్లల్ని పంపలేదని తనంతట తనే చెప్పాడు.

"చేపలు పట్టేవాళ్ళ పిల్లలు, యానాది పిల్లలు, మా పిల్లలు అందరూ ఒకే వస్తువు ముట్టుకునేది ఏందని మావోళ్ళు పట్టుబట్టినారు. నేనే పోయి ఆయమ్మను అడిగినాను, మా పిల్లలకి వేరే ఒక దినం పెట్టమ్మా అని. ఆయమ్మ కూడా మా రైతుల ఇంటి బిడ్డే. కోపం చేసుకోలా. కొఠారుకి ఒక్క వాకిలే ఉండాదన్నా, అనింది."

ఆ ఏడాది వాళ్ళ ఊరి నుంచి ఒక్క పిల్ల కూడా వెళ్ళలేదట. మరుసటి ఏడాది పిల్లలే ఇంట్లో చెప్పకుండా వెళ్ళడం మొదలుపెట్టారట. ఒకనాడు తన మనవరాలు ఈ కాలవ గట్టు మీదే పరిగెడుతూంటే పట్టుకొద్దామని ఆయన వెంటబడ్డాడు. పిల్ల కొఠారులోకి దూరింది. ఆయనా దూరాడు. లోపల నీళ్ళు తోడే చిన్న ఏతాం ఉంది. పిల్ల దాన్ని తొక్కుతోంది.

కేకలేశారా అని అడిగాను. ఆయన ఎద్దుల తోకలు సవరిస్తూ, "యాడ కేకలేసేది. నేనూ కాసేపు తొక్కినాను" అన్నాడు.

తిప్పకుప్పం

సరస్సు ఒడ్డున ఇసుక మెరక మీద ముప్పయ్యో నలభయ్యో తాటాకు ఇళ్ళు, వాటి మధ్య దళసరి ఇటుక గోడలతో కొఠారు. గోడల అడుగున ఇంకా ఉప్పు తెల్లగా పూస్తూనే ఉంది. వాకిలి పక్కన గోడ మీద, డ్రాయింగు మాస్టారు చెప్పినట్టే, సున్నంతో 'ముట్టుకోండి' అని రాసి ఉంది. ఆ అక్షరాలు కూడా పిల్లల చేతులు పడి పడి మసిబారాయి.

ఆ ముసలావిడ, తులశమ్మగారు, వాకిట్లోనే కూర్చుని తాడు పేనుతోంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, తెల్లచీర మోకాళ్ళ మీదికి దోపుకుని ఉంది. నేను వచ్చిన పని చెబుతూండగానే ఆవిడ చూపు సుభద్ర మీదికి పోయింది. ఆ ప్రదర్శనశాల నాటి నుంచి, కొత్త చోటికి వెళితే సుభద్ర రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. అప్పుడూ అట్లాగే నిలబడింది.

"చేతులు ఎందుకు వెనక దాచినావు పాపా? ఇక్కడ వాటితోనే పని" అందావిడ.

ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంటుందని నేను అనుకున్నాను. పట్టుకోలేదు. నేను పట్టుకోబోతే తల అడ్డంగా ఊపింది. సుభద్ర గుమ్మం తడుముకుంది, గోడ తడుముకుంది, గోడకు తగిలించిన తాళ్ళ ముళ్ళు దాని చేతికి తగిలాయి. పడవను గుంజకు కట్టే ముడి, వల అల్లే ముడి, లాగితే బిగిసేది, లాగితే ఊడిపోయేది, అన్నీ వరసగా. అది ఆ గోడ దగ్గరే అంతసేపు ఉంటుందని నేను అనుకోలేదు. నా గొడుగు బురద ఆరిపోయింది, సుభద్ర ఇంకా ముళ్ళ దగ్గరే ఉంది.

ఈ లోపల తులశమ్మగారు తన సంగతి చెప్పింది. చిన్నప్పుడే భర్త పోతే టీచరు ట్రెయినింగు చదివి, ఈ ఊరి ఒంటి పంతులు బడికి వచ్చింది. పిల్లలు బడికి వచ్చేవాళ్ళు కాదు, వచ్చినా వట్టి చేతులతో వచ్చేవాళ్ళు కాదు. ఒకరి చేతిలో పీత, ఒకరి చేతిలో శంఖు, ఒకరి చేతిలో ఎర్రరెక్కల కొంగ ఈక. వాటిని అవతల పారేసి పలక పట్టమంటే మర్నాడు రారు. అందుకని ఆవిడ ఒక గంప పెట్టింది. గంప నిండితే ఇంకో గంప. తర్వాత ఉప్పు షావుకారు వ్యాపారం మానుకుని వెళ్ళిపోయాక ఊరివాళ్ళే కొఠారు ఊడ్చి ఆమెకు అప్పజెప్పారు. ఉద్యోగం అయిపోయినా ఆవిడ ఊరు వదల్లేదు. కొఠారులో ఒకటే కట్టుబాటు: పగలగొట్టినవాళ్ళే కూర్చుని అతికించాలి.

లోపల ఒక సగం పడవ ఉంది. ముక్కు నుంచి నడుం దాకా కోసి పెట్టింది. పిల్లలు దాని పక్కటెముకల్లాంటి కొయ్యల మధ్య కూర్చుని తెడ్లు వేస్తూంటారు. పిల్లల ఎత్తుకు సరిపోయే నాగలి ఉంది. పెద్ద తక్కెడ ఉంది. మధ్యాహ్నం పూట చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చి తమ గంపల్ని అందులో తూచుకుని మరీ వ్యాపారి దగ్గరికి పోతారట.

నేల మీద మట్టితో కట్టిన ఒక తొట్టి దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఒకపక్క వరిమళ్ళు, ఒకపక్క సరస్సు, మధ్య కట్ట, కట్టకు చిన్న చెక్క తలుపు. కాలవ నీళ్ళు పోస్తే మళ్ళకు పారుతాయి. చెక్క తలుపు వేళకాని వేళ ఎత్తితే సరస్సు ఉప్పునీళ్ళు మళ్ళలోకి ఎక్కుతాయి. అసలు కట్ట దగ్గర ఆ తలుపు ఎప్పుడు ఎత్తాలన్నది రైతులకూ జాలర్లకూ పాత తగాదా. ఒక వానాకాలం రెండు ఊళ్ళ పెద్దలూ కర్రలతో గట్టెక్కి అరుచుకున్నాక, తులశమ్మగారు పిల్లల్ని పంపి వాళ్ళను ఇక్కడికి పిలిపించిందట. తగాదా తీరిందా అని అడిగాను. "యాడ తీరతాది? ఇప్పుడు ముందు ఇక్కడికొచ్చి నీళ్ళు పోసుకుని చూసి, తర్వాత తగాదా పడతారు" అంది. కర్రలు మాత్రం మళ్ళీ ఎవరూ తేలేదట.

చీకటి కొట్టు

మర్నాడు పెంచలరెడ్డి బండిలో ఆయన ఊరి పిల్లలు వచ్చారు. కొఠారు వెనక భాగంలో కిటికీలు లేని కొట్టు ఒకటుంది. పూర్వం అందులోనే ఉప్పు పోసేవాళ్ళు. ఇప్పుడు అందులో వస్తువుల్ని తాళ్ళకు వేలాడదీసి, అరుగుల మీద పరిచి ఉంచారు. లోపలికి వెళ్ళి చేత్తో పట్టుకుని, అదేమిటో చెప్పి బయటికి రావాలి. ఇది పిల్లలందరికీ ఇష్టమైన ఆట అని విన్నాను కానీ, ఆ రోజు వచ్చినవాళ్ళలో చిన్నపిల్లలు ఎక్కువ. గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. ఒకడు ఏడుపు మొదలుపెట్టాడు.

సుభద్రకు ఆ ఊరి జాలరి పిల్ల అంకమ్మ ముందురోజే స్నేహమైంది. "ఎందుకు ఆగినారు అందరూ?" అని సుభద్ర ఆమెను అడిగింది. అప్పుడే నా పిల్ల నోట ఆ ఊరి మాట విన్నాను.

"చీకటిగా ఉండాది" అంది అంకమ్మ.

సుభద్ర ఒక్క క్షణం ఆలోచించి, గుమ్మం దాటి లోపలికి వెళ్ళిపోయింది. లోపలినుంచి దాని గొంతు వినిపించింది. ఇక్కడ మెట్టు ఉంది, కాలెత్తి వేయండి. ఎడమచేతి పక్క అరుగు ఉంది. తల వంచండి, ఏదో వేలాడుతోంది. అంకమ్మ దాని పావడా పట్టుకుంది, అంకమ్మ పావడా ఇంకొక పిల్ల పట్టుకుంది, ఏడ్చే పిల్లవాడు కూడా కన్నీళ్ళు తుడుచుకుని ఎవరి చొక్కానో అందుకున్నాడు. వరసంతా లోపలికి పోయింది. చివర నేనూ వెళ్ళాను. తల వంచమన్న చోట వంచలేదు. తెడ్డు ఒకటి నా నుదుటికి గట్టిగా తగిలింది.

లోపల నాకేమీ కనపడలేదు. సుభద్ర ఒక్కొక్క వస్తువూ పట్టుకుని చెబుతోంది. ఇది తెడ్డు. ఇవి వలకు కట్టే గుండ్లు. ఇది తాబేటి చిప్ప, అంచు చూడండి ఎట్లా ఉందో. అన్నీ సరిగ్గానే చెబుతోంది. తర్వాత ఏదో పొడుగాటిది పట్టుకుని, చాలా ధైర్యంగా, "ఇది చాట. ఒక పక్క విరిగిపోయింది" అంది.

"అది గూడబాతు ముక్కు" అంది అంకమ్మ.

చీకట్లో అందరూ ఒక్కసారిగా నవ్వారు. గూడబాతుకు అంత ముక్కు ఉంటుందని మా నరసరావుపేట పిల్లకు ఎట్లా తెలుస్తుంది? తప్పు చెప్పినందుకు నవ్వితే అది ముడుచుకుపోతుంది, ఇంట్లో అయితే ఆ రోజంతా మాట్లాడదు. అప్పుడు ఆ నవ్వుల్లోంచి సుభద్ర నవ్వు విడిగా వినిపించింది. అందరికంటే ఎక్కువగా, ఆపుకోలేక నవ్వుతోంది. నేను నుదురు రుద్దుకుంటూ గోడకానుకుని నిలబడ్డాను. పిల్లల గుంపులో నా పిల్ల నవ్వు వినడం నాకు నాలుగో ఏడు తర్వాత అదే మొదలు. నేను మర్చిపోయాననుకున్న గొంతు అది. వాళ్ళందరూ బయటికి వెళ్ళిపోయాక కూడా కొంతసేపు ఆ చీకట్లోనే ఉన్నాను. బయటికి వస్తే నా మొహం కనపడుతుంది.

సరస్సు మీదుగా సముద్రానికి

ఆ మరుసటి రోజు పడవ నడిపే చెంగయ్య మమ్మల్ని సముద్రం దగ్గరికి తీసుకువెళ్ళాడు. మధ్యాహ్నానికి అంకమ్మ వాళ్ళమ్మ చేపల పులుసు, అన్నం కుండల్లో పెట్టి ఇచ్చింది. పులుసు నిన్నటిది. ఇక్కడ ఏ పూట పులుసు ఆ పూట తినరు, మర్నాటికే రుచి అంటారు. మా ఇంట్లో నిన్నటి కూర అతిథికి పెడితే చుట్టరికాలు తెగిపోతాయి.

సరస్సు నడిమధ్యకు వచ్చాక చెంగయ్య గెడ నిలిపి, దిగమన్నాడు. ఒడ్డు నాలుగువైపులా ఎంతో దూరంలో ఉంది. నేను జంకాను. సుభద్ర అప్పటికే పడవ అంచు దాటి దిగింది. నీళ్ళు దాని మోకాళ్ళ దాకానే వచ్చాయి. అంత పెద్ద సరస్సు మధ్య నా పిల్ల ఒక్కతే నిలబడి, చుట్టూ తిరుగుతూ చేతులు చాపి గాలిని తడుముతోంది. దూరంగా ఎర్రరెక్కల కొంగలు గుంపుగా లేచాయి. ఆ రెక్కల చప్పుడు ముందు అదే విన్నది, చెయ్యెత్తి అటు చూపించింది. నేను తర్వాత చూశాను.

"ఇదేనా సముద్రం?" అని అడిగింది.

"కాదు పాపా. ఇంకా అవతల ఉండాది" అన్నాడు చెంగయ్య.

ఇసుకమేట దాటి సముద్రం ఒడ్డుకు చేరాం. నేను నోరు తెరవలేదు. దాన్ని తడి ఇసుక మీద నిలబెట్టి చెయ్యి మాత్రం పట్టుకున్నాను. మొదటి అల పాదాల మీదికి వచ్చి వెనక్కి పోయింది. రెండోదీ పోయింది. సుభద్ర కదలకుండా నిలబడింది. నా వేళ్ళను మాత్రం గట్టిగా పట్టుకుంది.

"నువ్వు చెప్పినట్టు లేదు నాన్నా" అంది చివరికి.

"ఎట్లా ఉంది?"

"నా కాళ్ళ కింద ఇసుక తీసుకుపోతోంది. నన్ను కూడా రమ్మంటోంది."

నేను చెప్పిన నీలాలూ జరీ అంచులూ ఏవీ దానికి అక్కర్లేకపోయాయి. అది నా చెయ్యి వదిలించుకుని ఇంకో అడుగు ముందుకు వేసింది. రత్తమ్మకు ఇచ్చిన మాట గుర్తొచ్చి వెంటనే మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి అది నా చెయ్యి వదిలించుకోలేదు కానీ, పట్టుకోలేదు కూడా.

బయలుదేరే రోజు

పెంచలరెడ్డి బండి పొద్దున్నే వచ్చింది. మూట సర్దుకున్నాను. సుభద్ర సగం పడవలో కూర్చుని ఉంది. లేవమంటే లేవలేదు.

"నేను ఉంటాను నాన్నా."

దాన్ని ఒప్పించడానికి నేను ఏమేం చెప్పానో ఇప్పుడు సరిగా గుర్తులేదు. అమ్మ బెంగపెట్టుకుంటుందన్నాను. మళ్ళీ వద్దామన్నాను. ఇంట్లో కూడా ఇట్లాంటి తాళ్ళూ ముళ్ళూ పెట్టిస్తానన్నాను. అది అంతా విని, చెప్పింది:

"ఇంట్లో అన్నీ మీరే నా చేతికి తెచ్చి ఇస్తారు. ఇక్కడ నేనే పోయి తెచ్చుకుంటున్నాను."

నేను తులశమ్మగారి వైపు చూశాను, ఆవిడ కాదంటుందేమోనన్న ఆశతో. ఆవిడ పేనుతున్న తాడు పక్కన పెట్టింది.

"నేను పెద్ద మాటలు చెప్పలేను మాస్టారూ" అంది. "గుడ్డిపిల్లలకు చుక్కల అక్షరాలుంటాయంట. నాకు రావు. ఆ బడులు యాడుండాయో కనుక్కుంటాను. అందాకా నా పక్కన పండుకుంటాది, నేను తినేది తింటాది. వానలు పట్టినాక ఇక్కడ చుట్టూ నీళ్ళే, అప్పుడు తీసకపోండి."

"నీళ్ళ ఒడ్డు కదమ్మా" అన్నాను.

"అవును. ఈ ఊరి పిల్లలందరిదీ నీళ్ళ ఒడ్డే. అంకమ్మ లేకుండా నీళ్ళ దగ్గరికి పోనని బిడ్డ నాకు మాటిచ్చింది. మీకు కూడా ఇమ్మంటాను."

ఇచ్చింది. నా అరచేతిలో చెయ్యి వేసి ఇచ్చింది. ఆ చెయ్యి తాళ్ళకు రాసుకుని కొంచెం గరుకైంది. ఒంటి మీద గీత పడకుండా తెస్తానన్నవాణ్ణి, పిల్లనే వదిలి బండెక్కాను. పెంచలరెడ్డి నా వైపు చూడకుండా ఎద్దుల్ని అదిలించాడు. వెనక కొఠారులోంచి ఏతాం కిర్రుమంటూ వినిపించింది. అది తొక్కుతున్నది సుభద్రో, వేరే ఎవరో తెలియలేదు. గట్టు మలుపు తిరిగేదాకా ఆ చప్పుడే వింటూ కూర్చున్నాను.

నరసరావుపేట

రత్తమ్మ గుమ్మంలో నిలబడి నా వెనకాల వీధిలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. మూడోనాడు అన్నం వడ్డిస్తూ ఒకే ఒక్క మాట అడిగింది, "నవ్విందా?" అని. చీకటి కొట్టు సంగతి చెప్పాను. గూడబాతు ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను అడగలేదు.

ఎండాకాలం రాగానే, పిల్లను తీసుకొస్తానని తనే బయలుదేరింది. ఇంటి గడప దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళని మనిషి రెండు రైళ్ళూ, ఒక బస్సూ మారి వెళ్ళింది. వారం తర్వాత స్టేషనుకు ఎదురు వెళ్ళాను. పెట్టెలోంచి ఒక్కతే దిగింది. చేతిసంచీలో ఒక తాడు ముక్క ఉంది. అది లాగితే బిగిసే ముడి, సుభద్ర తనకు నేర్పిందని, దారంతా వేసుకుంటూ విప్పుకుంటూ వచ్చానని చెప్పింది. బండిలో ఇంటికి వచ్చేటప్పుడు ఆ ముడి నాకూ వేసి చూపించింది.

ఇప్పుడు ఆషాఢం. వానలు ముదిరితే పిల్ల వస్తుంది. వచ్చాక ఉంటుందో, ఇంకేదైనా బడికి వెళుతుందో తెలియదు. దానికి అడ్డు తగలకూడదని ఐదేళ్ళుగా మా ఇంట్లో ఏ వస్తువూ చోటు మారలేదు. నీళ్ళబిందె తలుపుకు మూరెడు ఎడంగా, పీట గోడవారగా, నా చెప్పులు అరుగు కింద కుడిపక్కన. ఇప్పుడు ఎక్కడ ఏది పెట్టినా ఎవరికీ తగలదు. నిన్న రత్తమ్మ ఇల్లు కడిగి, బిందెను ఎండలో ఆరబెట్టింది. సాయంత్రం లోపలికి తెచ్చి, తలుపు దగ్గర చెయ్యి చాపి, మూరెడు కొలిచి పెట్టింది.